వాగు ఒడ్డున ఒక మధ్యాహ్నం: ట్రౌట్ చేపకు ఈగ వేయడం ఎలా

మే నెల మూడో వారం, శనివారం, మధ్యాహ్నం ఒంటిగంట. పెన్సిల్వేనియా రాష్ట్రం నడిబొడ్డున, స్టేట్ కాలేజ్, బెల్‌ఫాంట్ అనే ఊళ్ల మధ్య పారే స్ప్రింగ్ క్రీక్ అనే వాగు. చాలా చోట్ల మోకాలి లోతే ఉంటుంది. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. చేతిలో ఫ్లై రాడ్ అనే గాలపు కర్ర పట్టుకుని ఇక్కడ ఒక పూట ఎలా గడపాలో, ఇంతకుముందు ఎప్పుడూ రాడ్ పట్టనివాళ్లకు అర్థమయ్యేలా చెబుతాను. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి అయితే నాలుగు గంటల డ్రైవ్, పిట్స్‌బర్గ్ నుంచి ఇంకా తక్కువ. మీరు ఉండేది వేరే రాష్ట్రమైనా ఫర్వాలేదు. చల్లటి నీళ్లు పారే చిన్న వాగు ఎక్కడున్నా ఈ పద్ధతే.

చిన్నప్పుడు చెరువు గట్టున గాలం వేసినవాళ్లకు ఒక మాట. అక్కడ మనం వానపామును గుచ్చి, బెండు కట్టి, నీళ్లలో పడేసి, బెండు మునిగేదాకా ఎదురుచూసేవాళ్లం. ఎర వాసనకు చేపే వెతుక్కుంటూ వచ్చేది. ఫ్లై ఫిషింగ్‌లో ఎరకు వాసన లేదు, రుచి లేదు, బరువు కూడా లేదు. చిన్న గాలానికి ఈక, దారం, కాస్త బొచ్చు చుట్టి పురుగులా కనిపించేలా చేస్తారు. దాన్నే ఫ్లై అంటారు, నేను ఈగ అంటాను. అది నిజమైన పురుగు అని చేప నమ్మాలంటే ఒకే ఒక్క సంగతి ముఖ్యం. ఆ ఈగ నీటితో పాటు, నీటి వేగంతోనే నడవాలి. కాస్త ముందుకు లాగినా, కాస్త పక్కకు ఈడ్చినా చేప ముట్టుకోదు. ఇక కింద నేను చెప్పేదంతా ఈ ఒక్క సంగతి సాధించడం కోసమే.

ముందు లైసెన్సు

పెన్సిల్వేనియాలో 16 ఏళ్లు, ఆపైన ఉన్న ప్రతి ఒక్కరికీ ఫిష్ అండ్ బోట్ కమిషన్ ఇచ్చే లైసెన్సు కావాలి. ట్రౌట్ కోసం వెళ్తుంటే దానితోపాటు ట్రౌట్ పర్మిట్ కూడా ఉండాలి. రెండూ ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు, కొద్ది నిమిషాల పని. ప్రింటు తీసి జేబులో పెట్టుకోండి. "ఒక్క గంటే కదా, ఎవరు చూస్తారులే" అనుకోవద్దు. వాగులు ఇంత బాగుండటానికి ఆ డబ్బు కూడా ఒక కారణం.

స్ప్రింగ్ క్రీక్‌లో పట్టిన ట్రౌట్‌ను మళ్లీ నీళ్లలో వదిలేయాలి. ఇంటికి తీసుకెళ్లి వేపుడు చేసుకునే వీల్లేదు. దీని వెనక కథ తెలుసుకోవాలి. ఒక రసాయనాల కర్మాగారం నుంచి కెపోన్, మైరెక్స్ అనే విషాలు ఈ వాగులోకి చేరి చేపల ఒంట్లో పేరుకున్నాయి. 1982లో ఈ చేపను పట్టుకెళ్లడం నిషేధించారు. హేచరీలో పెంచిన చేపలను తెచ్చి వదలడమూ మానేశారు. మనిషి తినడం ఆపేసేసరికి వాగులోనే పుట్టి పెరిగే బ్రౌన్ ట్రౌట్ సంతతి ఊపందుకుంది. ఈరోజు మీకు తగిలే దాదాపు ప్రతి చేపా ఈ గులకరాళ్ల మధ్య గుడ్డు పగిలి వచ్చిందే. అందుకే దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలని నేను అంత పట్టుబడతాను. నిజానికి బ్రౌన్ ట్రౌట్ కూడా వలస వచ్చినదే. దాని గుడ్లు 1883లో జర్మనీ నుంచి అమెరికాకు వచ్చాయి. ఇక్కడి సొంత చేప బ్రూక్ ట్రౌట్, పెన్సిల్వేనియా రాష్ట్ర చేప కూడా అదే.

మొదటిసారి వెళ్లేవాళ్లు ఫిషర్‌మన్స్ ప్యారడైజ్ దగ్గర కారు ఆపండి. 1934లో చేపల వేట కోసమనే తీర్చిదిద్దిన చోటు అది. అక్కడ ఫ్లైతో మాత్రమే పట్టాలి, నీళ్లలోకి దిగకూడదు. దిగకూడదన్న నియమం కొత్తవాళ్లకు మేలే చేస్తుంది. గట్టు మీద నిలబడి చేపల్ని చూడటం తప్ప వేరే దారి ఉండదు కాబట్టి చూడటం వస్తుంది. బోర్డు మీద రాసి ఉన్నవి చదివాకే రాడ్ బయటికి తీయండి. అక్కడి నుంచి ఎగువకు కాన్యన్ అనే లోయలో వాగు పక్కనే నడక దారి ఉంది. జనం తక్కువగా ఉండే చోటు కావాలంటే అరగంట అటు నడవండి.

ఏం కావాలి

షాపుకు వెళ్తే వంద వస్తువులు చూపిస్తారు. మీకు కావలసినవి కొన్నే. 9 అడుగుల పొడవు, 5 వెయిట్ రాడ్ (వెయిట్ అంటే లైన్ బరువును, దానికి తగ్గ రాడ్‌ను చెప్పే నంబర్). దానికి తగ్గ రీల్, నీటి మీద తేలే 5 వెయిట్ లైన్. ఈ మూడింటిలో రీల్‌కు తక్కువ ఖర్చు పెట్టండి. ఇంత చిన్న వాగులో అది లైన్ చుట్టుకోవడానికి తప్ప మరి దేనికీ పెద్దగా పనికిరాదు. లైన్‌కు మాత్రం వెనకాడకండి. లైన్ పాడైతే ఎంత మంచి రాడ్ అయినా దండగ.

లైన్ చివర లీడర్ అనే సన్నని పారదర్శకమైన దారం, 9 అడుగులది. అది మొదట్లో లావుగా ఉండి కొసకు సన్నబడుతుంది. ఆ కొసకు కట్టే ఇంకా సన్నని దారం టిప్పెట్. టిప్పెట్ నంబర్లు మొదట్లో తికమక పెడతాయి. నంబర్ పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 5ఎక్స్ అంటే అంగుళంలో వెయ్యోవంతులు ఆరు, సుమారు 0.15 మిల్లీమీటర్లు. ఒక 5ఎక్స్, ఒక 6ఎక్స్ చుట్ట కొనుక్కోండి, చాలు.

పోలరైజ్డ్ కళ్లద్దాలు తప్పనిసరి. నీటి మీది తళతళను కోసేసి అడుగు చూపిస్తాయి. అవి లేకుండా వాగుకు వెళ్తే కళ్లకు గంతలు కట్టుకుని వెళ్లినట్టే. రబ్బరు వల ఉన్న చిన్న చేతివల, గాలం తీయడానికి ఫోర్సెప్స్, ఒక థర్మామీటర్ కూడా ఉంచుకోండి. బట్టలు ఆకుపచ్చ, మట్టిరంగు, బూడిదరంగు ఏదైనా సరే, తెలుపు, ఎరుపు వద్దు. ఫుల్ ప్యాంటు వేసుకుని దాని అంచులు సాక్సులో దోపండి. ఈ రాష్ట్రంలో గడ్డిలో ఉండే టిక్ పురుగుల వల్ల లైమ్ జబ్బు వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. దోమల మందు రాసుకుంటే అరచేతులకు అంటకుండా చూసుకోండి. డీట్ అనే రసాయనం ఉన్న మందు లైన్ మీది ప్లాస్టిక్ పూతను తినేస్తుంది.

ఈగల పెట్టెలో ఏముండాలి? మే నెలకైతే సైజు 16 ఫెజెంట్ టెయిల్ నింఫ్, సైజు 14 లేదా 16 క్రెస్ బగ్, సైజు 16 సల్ఫర్ డ్రై ఫ్లై, సైజు 16 ఎల్క్ హెయిర్ కాడిస్, నల్ల చీమలా కట్టిన ఈగ ఒకటి. నింఫ్, క్రెస్ బగ్ నీటి కింద సాగేవి, డ్రై ఫ్లై నీటి మీద తేలేది. ఒక్కొక్కటి మూడేసి చొప్పున. ఈగ సైజు నంబర్ కూడా టిప్పెట్ లాగే, పెరిగేకొద్దీ ఈగ చిన్నదవుతుంది. కట్టే ముందు ప్రతి గాలం కొసకు ఉన్న ముల్లును ఫోర్సెప్స్‌తో నొక్కేయండి. ముల్లు లేని గాలం చేప మూతి నుంచి క్షణంలో వచ్చేస్తుంది. మీ వేలికి గుచ్చుకున్నా అంతే.

తినడానికి పులిహోర లాంటిది ఏదైనా డబ్బాలో పెట్టుకోండి. సాయంత్రం దాకా అక్కడే ఉండాలి.

వాగు దగ్గరికి వెళ్లాక రాడ్ పక్కన పెట్టండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. కారు దిగగానే గబగబా నీళ్ల దగ్గరికి వెళ్లి లైన్ విసురుతారు. మొదటి అడుగుకే చేపలన్నీ చెదిరిపోతాయి. ఆ తర్వాత రెండు గంటలు చేపలు లేని నీళ్లలో కష్టపడతారు.

ముందు థర్మామీటర్ నీళ్లలో ఒక నిమిషం ఉంచండి. ట్రౌట్‌కు 50 నుంచి 65 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య నీళ్లు హాయి. 68 దాటితే ఆరోజు పట్టడం మానుకోండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. పెనుగులాడి అలసిపోయిన చేపను మీరు వదిలినా అది తేరుకోకపోవచ్చు. స్ప్రింగ్ క్రీక్‌కు సున్నపురాతి ఊటల నుంచి నీరు వస్తుంది కాబట్టి మండు వేసవిలోనూ చాలావరకు చల్లగా ఉంటుంది, చలికాలంలో గడ్డకట్టదు. ఆ సున్నపు నీళ్లలో నాచు, పురుగు సమృద్ధిగా పెరుగుతాయి, వాటిని తిని చేప బలుస్తుంది.

తర్వాత గట్టు మీద నీడలో కూర్చోండి. 15 నిమిషాలు గడియారం చూసి మరీ కూర్చోండి. మొదటి ఐదు నిమిషాలు ఏమీ కనిపించదు. నీళ్లు, రాళ్లు, నాచు, అంతే. పదో నిమిషానికి ఒక రాయి నీడ కాస్త ఊగినట్టు అనిపిస్తుంది. అది రాయి నీడ కాదు. చేప నీడ. ట్రౌట్ వీపు రంగు అడుగు రంగులో కలిసిపోతుంది, అడుగున పడిన నీడే దాన్ని పట్టిస్తుంది. ఒకటి కనిపించిందంటే మరో నాలుగు కనిపిస్తాయి. కన్నుకు అలవాటు కావాలి.

ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలుస్తుంది. దానికి రెండు కావాలి. ఒకటి ఎక్కువ ఈదకుండా నిలబడటానికి మెల్లగా పారే మందమైన నీరు, రెండోది తిండి మోసుకొచ్చే వడి నీరు. ఆ రెండూ కలిసే గీత పక్కనే అది ఉంటుంది. బంతి భోజనంలో వడ్డించేవాడు దాటే చోట కూర్చున్నట్టు. పెద్ద రాయికి ముందు, వెనక, కోసుకుపోయిన గట్టు కింద, చెట్టు వేళ్ల పక్కన చూడండి. నీటి మీద నురుగు సాగే గీత కనిపిస్తే దాన్ని వదలొద్దు. నురుగు ఎటు పోతే పురుగులూ అటే పోతాయి.

ఇప్పుడు గట్టు పక్కన నీళ్లలోంచి అరచేతి వెడల్పు రాయి ఒకటి నెమ్మదిగా తీసి తిప్పి చూడండి. నాకు ఈ మొత్తం పూటలో బాగా ఇష్టమైన పని ఇది. రాయి అడుగున నల్లని, బల్లపరుపు పురుగు ఒకటి తడి మీద జారుతూ పరిగెత్తుతుంది. వెనక మూడు సన్నని తోకలు, నడుముకు రెండు వైపులా ఈకల్లాంటి మొప్పలు కొట్టుకుంటూ ఉంటాయి. అది మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్ల, నింఫ్ అంటారు. పక్కన ఇసుక రేణువులను జిగురుతో అతికించుకుని గొట్టం కట్టుకున్న కాడిస్ పురుగు. నాచులో బూడిదరంగులో, మన వంటింటి మూలల్లో తడి చోట కనిపించే రోకలిబండ పురుగును చిన్నది చేసి నొక్కినట్టుండేది క్రెస్ బగ్. మీ పెట్టెలోని ఈగలను వాటి పక్కన పెట్టి చూడండి. దేన్ని కట్టాలో రాయే చెబుతుంది. చూశాక రాయిని ఎలా ఉన్నదో అలాగే మళ్లీ పెట్టేయండి.

ముడి

క్లించ్ ముడి ఒక్కటి వస్తే చాలు. టిప్పెట్ కొసను గాలం కంట్లోంచి దూర్చి, కొసను దారం చుట్టూ ఐదు చుట్లు తిప్పండి. కంటి పక్కన ఏర్పడిన చిన్న ఉచ్చులోంచి కొసను వెనక్కి తీయండి. బిగించే ముందు నోటితో తడి చేయండి. పొడిగా బిగిస్తే రాపిడికి దారం వేడెక్కి, అక్కడే బలం పోతుంది. మెల్లగా లాగుతుంటే చుట్లన్నీ వరసగా ఒకదాని పక్కన ఒకటి సర్దుకోవడం కనిపిస్తుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కితే కోసేసి మళ్లీ కట్టండి. బాగా కుదిరిన ముడిని చూస్తేనే తెలుస్తుంది. ఇంట్లో లావు దారంతో, సూదితో ఒక ఇరవై సార్లు కట్టి చూసుకుని రండి. వాగు దగ్గర చేతులు చల్లబడ్డాక కొత్తగా నేర్చుకోవడం కష్టం.

విసరడం

బెండు గాలంలో సీసం గుండు బరువు దారాన్ని లాక్కెళ్తుంది. ఇక్కడ లైన్ బరువే ఈగను మోసుకెళ్తుంది. అందుకే ఎద్దుల బండివాడి చర్నాకోలను గుర్తుచేసుకోండి. కర్ర వెనక్కి వెళ్లి ఆగుతుంది, తోలు వెనక పూర్తిగా చాచుకుంటుంది, అప్పుడు ముందుకు. ఫ్లై రాడ్ కూడా అంతే.

గడియారం ముల్లులా ఊహించుకోండి. ముందు 10 గంటల దగ్గర రాడ్, అక్కడి నుంచి వేగం పెంచుతూ వెనక్కి 1 గంట దగ్గరికి తెచ్చి టక్కున ఆపండి. లైన్ వెనక్కి వెళ్లి తిన్నగా చాచుకునేదాకా ఆగండి. తిరిగి చూసుకోవచ్చు, తప్పేం లేదు. చాచుకోగానే ముందుకు 10 దగ్గరికి తెచ్చి మళ్లీ టక్కున ఆపండి. రాడ్ ఆగితేనే లైన్ సాగుతుంది. బలంతో పని లేదు. మణికట్టు ఎక్కువగా వంగుతుంటే రాడ్ పిడి అడుగును చొక్కా చేతిలోకి దోపండి, అది వంగనివ్వదు.

దీన్ని ఇంటి పెరట్లో గడ్డి మీద, ఈగకు బదులు ఉన్ని ముక్క కట్టి, రోజుకు పది నిమిషాలు ఒక వారం చేయండి. 25 అడుగులు తిన్నగా వేయగలిగితే స్ప్రింగ్ క్రీక్‌లో చాలా చేపలు మీకు అందుతాయి. 60 అడుగులు విసరాలనే తాపత్రయం వద్దు. ఇక్కడ వెనక సికమోర్ చెట్లు ఉంటాయి, పైన కొమ్మలు ఉంటాయి. ఆ కొమ్మల్లో పాత ఈగలు వేలాడుతుండటం మీరే చూస్తారు.

ఈడ్పు లేకుండా

మొదట్లో చెప్పిన అసలు సంగతికి వచ్చాం. మీకూ చేపకూ మధ్య నీరు ఒకే వేగంతో ఉండదు. మధ్యలో వడి, అవతల మందం. మీ ఈగ అవతలి మందమైన నీటిలో పడింది, లైన్ మధ్య వడిలో పడింది. వడి లైన్‌ను ముందుకు తోసుకుపోతుంది, లైన్ ఈగను ఈడుస్తుంది. ఈగ వెనక సన్నగా గీత పడుతుంది. ఆ గీత మనకు కనిపించనంత చిన్నదైనా చేపకు కనిపిస్తుంది.

పరీక్ష ఇలా చేయండి. ఈగ పడగానే దాని పక్కన సాగుతున్న నురుగు బుడగ ఒకటి ఎంచుకోండి. ఈగ, బుడగ జంటగా సాగుతున్నాయా? అయితే మీ పని సరిగ్గా ఉంది. ఈగ బుడగను దాటేసినా, వెనకబడినా, పక్కకు జరిగినా ఆ విసురు వృథా. నేను చాలా ఏళ్లుగా వెళ్తున్నా ఇప్పటికీ ఈగను చూడను, ఆ బుడగనే చూస్తాను.

దీనికి మందు మూడు రకాలు. ఒకటి, దగ్గరికి వెళ్లడం. చేప వెనక నుంచి, అంటే దిగువ నుంచి, వంగి మెల్లగా వెళ్తే 20 అడుగుల దాకా రానిస్తుంది. వెనక భాగం దానికి సరిగ్గా కనిపించదు. మధ్యలో నీరు తగ్గితే ఈడ్పు కూడా తగ్గుతుంది. రెండు, లైన్ నీటి మీద పడగానే రాడ్ కొసతో దాన్ని ఎత్తి ఎగువ వైపు వేయడం. మెండింగ్ అంటారు. ఈగ కదలకుండా లైన్‌ను మాత్రమే ఎత్తాలి, అందుకు సాధన కావాలి. మూడు, లీడర్‌ను తిన్నగా కాకుండా వంకరటింకరగా పడేలా వేయడం. ఆ వంకరలు ఒక్కొక్కటే తిన్నబడే లోపు ఈగ స్వేచ్ఛగా సాగుతుంది.

ఈ మూడోదాన్ని ఒక చదువుగా మార్చినవాడు ఇక్కడే ఉండేవాడు. జార్జ్ హార్వీ అనే ఆయన పెన్ స్టేట్ యూనివర్సిటీలో 1930లలోనే ఫ్లై ఫిషింగ్ నేర్పడం మొదలుపెట్టాడు. 1947 నుంచి అది మార్కులు వచ్చే కోర్సు అయ్యింది. మొదలు దగ్గర లావు తగ్గించి, కొసను మెత్తగా, పొడుగ్గా కట్టిన ఆయన లీడర్ నీటి మీద పాములా వంకరలు తిరుగుతూ పడుతుంది. మీరు లీడర్ కట్టుకోనక్కర్లేదు. కొన్నదానికి చివర ఇంకో రెండు అడుగుల 6ఎక్స్ కలపండి, అదే ఫలితం కొంతవరకు వస్తుంది.

ఒకసారి సికమోర్ వేరు పక్కన ఒక చేప ఎడతెగకుండా తింటోంది. నేను ఒకే చోట నిలబడి ఈగలు మార్చి మార్చి గంట పైన వేశాను. ముట్టలేదు. విసిగిపోయి నీళ్లలోంచి బయటికి వచ్చి, దిగువకు నడిచి, మళ్లీ మొదటి ఈగనే కట్టి, నాలుగు అడుగులు అవతలగా నిలబడి వేశాను. మొదటి విసురుకే తీసుకుంది. అప్పటి నుంచి చేప కాదంటే ముందు నిలబడిన చోటు మారుస్తాను, ఆ తర్వాతే ఈగ.

మధ్యాహ్నం నీటి కింద, సాయంత్రం నీటి పైన

ఒంటిగంట నుంచి ఐదు దాకా మే నెలలో నీటి పైన పెద్ద సందడి ఉండదు. చేప తినేది అడుగునే. కాబట్టి క్రెస్ బగ్ కానీ ఫెజెంట్ టెయిల్ కానీ కట్టండి. దానికి ఎనిమిది అంగుళాల పైన చిన్న గుండు ఒకటి పెట్టండి. నీటి లోతుకు ఒకటిన్నర రెట్లు పైన ఇండికేటర్ కట్టండి. అది మన బెండే, పేరు వేరు. ఎగువకు వేసి, మీ ముందు నుంచి దిగువకు సాగేదాకా చూడండి. ఇండికేటర్ మునగాలని చూడకండి. కాస్త ఆగినా, తడబడినా, పక్కకు వాలినా రాడ్ కొస ఎత్తండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు నాచో రాయో ఉంటుంది. ఎత్తకపోతే మిగతా రెండు కూడా పోతాయి.

ఒకే చోట నాలుగైదు సార్లు వేసి, రెండు అడుగులు ఎగువకు జరగండి. మధ్యలో కూర్చోండి. తినండి. హెరాన్ కొంగ ఒకటి అవతలి ఒడ్డున నిలబడి ఉంటుంది చాలాసార్లు. అది ఎంతసేపటికి ఒక అడుగు వేస్తుందో గమనించండి. మీరు కూడా అంత మెల్లగానే నడవాలి.

ఆరు దాటాక, ఎండ కాన్యన్ గోడ ఎక్కాక, వాగు మారుతుంది. లేత పసుపు రంగు పురుగు ఒకటి నీటి మీద తెరచాప ఎత్తిన పడవలా తేలుతూ వస్తుంది. అదే సల్ఫర్ మేఫ్లై. ఏడాది పాటు రాళ్ల కింద బతికి, ఈ సాయంత్రం నీటి పైకి వచ్చి, కుబుసం విడిచి రెక్కలు ఆరబెట్టుకుంటుంది. ఒకటి మీ చొక్కా మీద వాలితే దగ్గరగా చూడండి. రెక్కలు బూడిద గాజులా, ఒళ్లు మీగడ పసుపు, తోకలు మూడు. దానికి తినే నోరు లేదు. ఇంకోసారి కుబుసం విడిచి, జత కట్టి, గుడ్లు పెట్టి పోతుంది. మన దగ్గర తొలకరి వానకు దీపాల చుట్టూ ఉసిళ్లు లేచినట్టు, చూస్తుండగానే ఒకటి పది, పది వంద అవుతాయి.

అప్పుడు నీటి మీద వలయాలు మొదలవుతాయి. ఇండికేటర్, గుండు తీసేసి 6ఎక్స్ టిప్పెట్‌కు సల్ఫర్ డ్రై ఫ్లై కట్టండి. వలయం పడిన ప్రతి చోటా వేయకండి, ఒక్క చేపను ఎంచుకోండి. అది ఎంతసేపటికి ఒకసారి పైకి వస్తోందో లెక్కపెట్టండి. వలయం కిందికి కొట్టుకుపోతుంది కాబట్టి చేప మీకు కనిపించిన దానికన్నా కొంచెం ఎగువనే ఉంటుంది. అక్కడికి మూడు అడుగుల పైన ఈగను వాలనివ్వండి. వానచుక్క పడినంత చిన్న వలయమే పెద్ద చేపది కావచ్చు. పెద్దవి నీళ్లు చిమ్మవు, ముక్కు కొస మాత్రం ఎత్తి గుటుక్కుమనిపిస్తాయి.

ఈగ మాయమైంది. ఇప్పుడు గుంజకండి. చేప నోరు మూసి కిందికి తిరిగేంత, ఒక ఊపిరి సేపు ఆగి, రాడ్‌ను మెత్తగా ఎత్తండి.

చేప చేతికి వచ్చాక

రాడ్ వంచి ఉంచండి, లైన్ వదులు కానివ్వకండి. చేప పరిగెత్తితే పోనివ్వండి, ఆగితే లాగండి. పైకి కాకుండా పక్కకు లాగితే తొందరగా అలసిపోతుంది. ఎంత తొందరగా వలలోకి వస్తే దానికి అంత మంచిది.

ముట్టుకునే ముందు చేతులు నీళ్లలో ముంచండి. చేప ఒంటి మీది జిగురే దాని కవచం, పొడి చేయి దాన్ని తుడిచేస్తుంది. వల నీళ్లలోనే ఉంచి ఫోర్సెప్స్‌తో గాలం వెనక్కి తోసి తీయండి. మొప్పల్లో వేళ్లు పెట్టకండి, పొట్ట నొక్కకండి. ఫోటో కావాలంటే ముందు ఫోన్ సిద్ధం చేసుకుని, మీరు ఊపిరి బిగబట్టి, చేపను పైకెత్తండి. మీకు ఊపిరి ఆడకపోయే లోపే అది నీళ్లలోకి వెళ్లాలి. ఈ రెండు క్షణాల్లో దాన్ని బాగా చూడండి. వెన్న రంగు పక్కలు, నల్ల చుక్కలు, మధ్యలో కుంకుమ బొట్టులా ఎర్ర చుక్కలు, ఒక్కొక్క దాని చుట్టూ లేత నీలపు అంచు.

వదిలేటప్పుడు తల ఎగువకు తిప్పి, పొట్ట కింద చేయి ఆనించి, మందమైన నీటిలో పట్టుకోండి. ముందుకూ వెనక్కీ ఆడించొద్దు. మొప్పలు నిదానంగా తెరుచుకుని మూసుకుంటాయి. తోక మీ మణికట్టును ఒకసారి కొడుతుంది, అంతే, చేతిలో ఉండదు.

ఇంటికి వెళ్లే ముందు

ఎనిమిదిన్నర ప్రాంతంలో వెలుగు పోతుంది. ఈగ కనిపించని చీకట్లో పాచి రాళ్ల మీద నడక ప్రమాదం, ఆ లోపే గట్టెక్కండి. తెగిన టిప్పెట్ ముక్కలు జేబులో వేసుకోండి. పిట్టల కాళ్లకు చుట్టుకుంటాయి.

కారు దగ్గర మోకాళ్ల వెనక, నడుము, చంకలు, జుట్టు మొదట్లో టిక్‌ల కోసం చూసుకోండి. ఇంటికెళ్లి స్నానం చేసేటప్పుడు మరోసారి.

చివరిగా బూట్లు. 2013లో ఈ వాగులో న్యూజిలాండ్ మడ్‌స్నెయిల్ అనే నత్త కనబడింది. మిరియం గింజంత ఉంటుంది. ఒక్కటి చాలు, మగది లేకుండానే పిల్లల్ని పెట్టి వాగంతా నిండుతుంది. బూటు అడుగున, లేసుల మధ్య అంటుకుని మీతోపాటు వేరే వాగుకు వస్తుంది. బ్రష్షుతో మట్టి అంతా రుద్ది తీసి, బూట్లను ప్లాస్టిక్ సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. కనీసం ఎనిమిది గంటలు. రాత్రంతా ఉంచి పొద్దున తీసి, ఎండలో ఆరబెట్టుకోండి.